ఇటు చూడమనే హక్కు

మొదటిసారి పెళ్లి ఫోటోలు తీయబోయే వాళ్లకు సలహాల కరువేమీ లేదు. ఏ లెన్స్ కావాలి, ఎన్ని బ్యాటరీలు ఉండాలి, కార్డులు ఎన్ని పెట్టుకోవాలి అని అడిగితే హైదరాబాదులో అబిడ్స్ నుంచి కోఠీ దాకా ఏ కెమెరా దుకాణంలోనైనా ఓపిగ్గా చెబుతారు. అవన్నీ అవసరమే గాని, అసలు తగవు వాటిలో లేదు. మండపం మీదున్న వాళ్లను ఒక్కొక్కరినీ చూడండి. పంతులుగారికి మంత్రముంది. మేనమామకు గంప ఎత్తే పనుంది. ఆడపడుచుకు కొంగులు ముడివేసే పనుంది. మేళగాళ్లకు సన్నాయి ఉంది. తంతులో ఏ పనీ లేని మనిషి ఫోటోగ్రాఫర్ ఒక్కడే. చిత్రమేమిటంటే అందరికంటే ముందు నిలబడేదీ అతనే, కన్నవాళ్లను కూడా 'కొంచెం పక్కకు జరగండి' అనేదీ అతనే. ఈ అధికారం అతనికి ఎక్కడిది, ఎంతవరకు చెల్లుతుంది అన్నది తేల్చుకోకుండా ఎన్ని లెన్సులు సర్దుకున్నా సంచి సిద్ధమవుతుంది గాని మనిషి సిద్ధం కాడు.

ఈ విషయంలో రెండు వాదాలు వినబడుతుంటాయి. వాటికి రెండు గొంతులిచ్చి అబిడ్స్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు రీళ్ల కాలంలో స్టూడియో నడిపిన తరం మనిషి, ఉస్తాద్ అందాం. ఇంకొకరు స్నేహితురాలి పెళ్లికి తొలిసారి కెమెరా పట్టబోతున్న అమ్మాయి. ఇద్దరూ కల్పితులే. వాదాలు మాత్రం ఏ ఫంక్షన్ హాల్లోనైనా వినబడేవే.

ఉస్తాద్: చూడు బిడ్డా, పెండ్లి ఫోటో అంటే అడిగి తీసేది. అడగకుంటే ఆల్బమే లేదు. పిల్ల తల వంచుకొని ఉంటది, ముఖం కనబడది. పిలగాడు హోమం పొగల కండ్లు మూసుకుంటడు. వాళ్ల ముందు ఎవరో ఒక పెద్దమనిషి వీపు పెట్టి నిలబడతడు. 'అమ్మా, జర తల ఎత్తు. బాబూ, తాళి అట్లనే పట్టుకో. ఇటు చూడుండ్రి' అని మేం చెప్పినం గనుకనే మీ అమ్మమ్మ పెండ్లినాటి ముఖం ఇయ్యాల నీకు తెలుస్తున్నది. మా చేతిల ఉన్నది రీలుకు పన్నెండు ఫ్రేములు. ఫ్లాష్ ఒకసారి కొడితే మళ్ల చార్జి ఎక్కేదాక ఆగాలె. అసొంటప్పుడు ఆగుండ్రి అని అడగకుండ ఎట్ల నడుస్తది? నీ తయారీ అంటే ఒక కాగితం. ఎదుర్కోళ్లు, గౌరీపూజ, గంప, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, బ్రహ్మముడి, అప్పగింతలు. ఒక్కోదానికి ఎవరుండాలె, ఎవరిని ఎటు నిలబెట్టాలె. ఆ కాగితం జేబుల ఉంటే పెండ్లి నీ చేతిల ఉన్నట్టే.

అమ్మాయి: పెళ్లి మన చేతిలో ఉండాలని ఎవరన్నారు అంకుల్? మీ తరం ఆల్బమ్‌లు చూశాను. వరుసగా నిలబడిన బంధువులు, అందరిదీ ఒకే ముఖం. తాళి కట్టే ఫోటోలో వరుడి చేతులు మెడ దగ్గర, చూపు మాత్రం మీ కెమెరాలో. అది పెళ్లి ఫోటోనా, కెమెరాకు పెట్టిన నమస్కారమా? నా కెమెరా సెకనుకు ఇరవై ఫ్రేములు తీస్తుంది, చప్పుడు కూడా రాదు. నేను ఎవర్నీ ఆగమనను, ఎవర్నీ చూడమనను. అన్నయ్య ఎవరికీ కనబడకుండా కళ్లు తుడుచుకోవడం, నాయనమ్మ అక్షతలు పట్టుకుని కునుకు తీయడం, అవీ నాకు కావాలి. తంతు వరుస బట్టీ పట్టి వెళ్తే నా కళ్లు ఆ కాగితానికే అతుక్కుపోతాయి. కళ్ల ముందు జరిగేది చూసి తీస్తాను.

ఉస్తాద్ చెప్పిన 'అడిగి తీయడం' వెనక పెద్ద చరిత్రే ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అబిడ్స్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. అదే నిజాం ఆస్థానంలో కెమెరా పట్టినవాడు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్ కొలువు నుంచి ఛాయాచిత్రాల్లోకి వచ్చాడు. 1894లో నిజాం నుంచి ముసవ్విర్ జంగ్ బిరుదు అందుకున్నాడు. ఆయన ఫోటోల్లో మనుషుల నిలకడ చూస్తే తెలుస్తుంది, అందులో అనుకోకుండా పడింది ఏదీ లేదు. కుర్చీ ఎక్కడ, కత్తి ఏ చేతిలో, చూపు ఎటు అన్నీ అడిగి కుదిర్చినవే. బరువైన పెట్టె కెమెరా, గాజు పలకలు, ఒక్కో పలకకు ఒక్కటే బొమ్మ. ఆ పరిస్థితిలో ఎదుటి మనిషిని కదలవద్దనడం మోటుతనం కాదు. అది పనిలో భాగం. అయితే ఒక తేడా గమనించాలి. స్టూడియోకు మనిషి తనంతట తాను వస్తాడు. తెర ముందు కుర్చీలో కూర్చునేదే ఫోటో కోసం. కాబట్టి అక్కడ 'ఇటు చూడండి' అనే హక్కు ఫోటోగ్రాఫర్‌కు ఉంది. పెళ్లి అలా కాదు. అక్కడ మనుషులు చేరింది పెళ్లి కోసం, కెమెరాయే వాళ్ల ఇంటికి వచ్చింది. స్టూడియోలో చెల్లే హక్కు స్టూడియో మనిషి వెంట మండపం దాకా నడిచొచ్చింది, మధ్యలో దాన్ని ఎవరూ ఆపి అడగలేదు. ఉస్తాద్ వాదంలో నాకు కనబడే లోపం ఇదే.

స్టూడియోలో కూడా ఆ హక్కుకు హద్దులున్నాయని దీన్‌దయాళే గుర్తించాడు. 1892లో ఆయన హైదరాబాదులో జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం ఎత్తైన గోడల మధ్య నడిచిన చోటు అది. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే మహిళ, లోపల పనిచేసిన వాళ్లూ ఆడవాళ్లే. వ్యాపార దృష్టితో చేసి ఉండవచ్చు, కాదనను. కానీ దాని వెనకున్న ఆలోచన నేటికీ పాతబడలేదు. మంచి కెమెరా, మంచి కన్ను ఉంటే చాలదు. ఎవరు చూస్తున్నారు, చూడనిచ్చిందెవరు అన్నది కెమెరా తెరవకముందే తేలాలి. నాంపల్లి వైపు ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలకు ఈనాటికీ అమ్మాయిలనే వెతుక్కుంటారు. మన అమ్మాయికి ఉన్న వరం అది. ఆ సంగతి ఆమెకింకా తట్టినట్టు లేదు.

ఉస్తాద్: సరే, అడగవు. ఇరవై ఫ్రేములు తీస్తవు. మరి అడ్డుతెర పట్టినప్పుడు ఏ దిక్కున నిలబడతవు? తెరకు ఇటు పిల్ల, అటు పిలగాడు. ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టే గడియనే, తాళి కట్టేది కాదు. నువ్వు పిల్ల దిక్కున ఉంటే పిలగాడి ముఖం తెర వెనుక పోయింది. తెర దిగినంక వాళ్లు ఒకరినొకరు చూసుకునే గడియ రెండు మూడు సెకన్లు. తప్పు దిక్కున నిలబడి సెకనుకు ఇరవై తీస్తే, తప్పు ఫోటోలు ఇరవై వస్తయి. గంతే.

అమ్మాయి: వెడల్పు లెన్స్‌తో పక్కనుంచి తీస్తాను.

ఉస్తాద్: ఆ పక్కన పంతులు కూసుంటడు. వీడియో ఆయన లైటు పెట్టుకొని ఉంటడు. తెర పట్టినోళ్ల మోచేతులుంటయి. ఇంగ నీ చప్పుడు లేని కెమెరా సంగతి. హాలు నిండ ఎల్ఈడీ లైట్లు, వెనుక ఎల్ఈడీ గోడ. చప్పుడు రాకుండ తీసే పద్ధతిల కెమెరా బొమ్మను పైనుంచి కిందికి వరుస వరుస చదువుకుంటది. లైటు మిణుకుతది. పిల్ల ముఖం మీద నల్ల చారలు పడతయి. చప్పుడు లేదు, ఫోటో గూడ లేదు.

ఇక్కడ ఉస్తాద్ చేతిలో ఉన్న వాస్తవం గట్టిది. మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద నేరుగా నడిచే దీపం వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టర్‌ను 1/100 దగ్గర గానీ 1/50 దగ్గర గానీ ఉంచితే చారలు చాలావరకు తప్పుతాయి. ఎల్ఈడీ గోడల లెక్క మాత్రం వేరు, ఒక్కో గోడ ఒక్కో వేగంతో మిణుకుతుంది. తలంబ్రాల దగ్గరికొస్తే కష్టం రెట్టింపు. గింజ గాల్లో ఆగినట్టు కనబడాలంటే 1/500 అయినా కావాలి, చారలు రాకూడదంటే 1/100 కావాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఫ్లాష్ వేస్తే దాని క్షణకాలపు వెలుగే గింజను ఆపుతుంది. కానీ జీలకర్ర బెల్లం వేళ ముఖం మీద ఫ్లాష్ కొట్టడం వేరే సంగతి. ఇక మధుపర్కాల తెలుపు ఉంది. ఫ్రేమ్ నిండా తెల్లబట్ట కనబడితే కెమెరా మీటర్ వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, ఎర్రంచు బాగానే వస్తుంది, ముఖాలు మసకబారతాయి. ఒక స్టాప్ దాకా పెంచి తీయాలన్నది పెళ్లికి ముందే చేతికి అలవాటు కావాలి. పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు నీడన స్నేహితులిద్దరికి తెల్ల పంచె, తెల్ల చీర కట్టించి, మధ్యలో ఒక దుప్పటి తెరగా పట్టించి సాధన చేయవచ్చు. నలుగురు నవ్వుతారు, నవ్వనివ్వండి. హాలుకు ముందురోజు, ముహూర్తం ఏ గడియకో అదే గడియకు వెళ్లి దీపాలన్నీ వేయించి చూసుకోవడం దానికంటే మేలు.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, వీటిలో ప్రతిదీ ఎక్కడో ఒకచోట ఎవరినో ఒక మాట అడగకుండా తప్పించేదే. షట్టర్ లెక్క తెలియనివాడు దీపాలు మార్చమంటాడు. తెర ఏ వైపు దిగుతుందో తెలియనివాడు 'మళ్లీ ఒకసారి పట్టండి' అంటాడు. బ్యాటరీ అయిపోయినవాడు తాళిని మెడ దగ్గరే ఆపమంటాడు. పెళ్లి ఫోటోలకు తయారవడమంటే, తంతు నడిచేటప్పుడు ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం. నా వాదం ఇంతే. ఈ లెక్కన అమ్మాయి కోరిక సరైనదే. ఆ కోరిక తీర్చుకునే దారి ఆమె వద్దంటున్న కాగితంలోనే ఉంది. ఉస్తాద్‌కు దారి తెలుసు. దాన్ని ఆయన మనుషులను నిలబెట్టడానికి వాడుకున్నాడు.

జీలకర్ర బెల్లం దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే కెమెరా చేసే చెరుపు అన్నిటికంటే అక్కడే ఎక్కువ. తెర దిగాక వధూవరులు ఒకరినొకరు చూసుకోవాలి. ఆ చూపు కోసమే ఆ తెర. ముస్లిం పెళ్లిళ్లలో జరిగే జల్వా వేడుకలోనూ ఇదే ఉంది. వధూవరుల మధ్య అద్దం పెట్టి, అందులో ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా చేస్తారు. ఇద్దరూ ఆర్నెల్లుగా వీడియో కాల్స్ చేసుకుంటున్న వాళ్లే కావచ్చు, ప్రీ-వెడ్డింగ్ షూట్‌లో చేతులు పట్టుకుని పరుగెత్తిన వాళ్లే కావచ్చు. అయినా పెళ్లిపీటల మీద ఆ చూపు కొత్తదేనని రెండు సంప్రదాయాలూ ఒప్పుకుంటున్నాయి. సరిగ్గా ఆ క్షణాన 'ఇటు చూడండి' అన్న కేక వినబడుతుంది. ఒకరినొకరు చూసుకోవాల్సిన ఇద్దరూ కెమెరా వైపు తిరుగుతారు. ఆల్బమ్‌లో ముఖాలు రెండూ చక్కగా పడతాయి, తంతు కోరిన చూపు ఒక్కటే పడదు. జల్వా అద్దంతో ఇంకో చిక్కుంది. నిలబడే కోణం ముందే చూసుకోకపోతే అద్దంలో ఫోటోగ్రాఫర్ ముఖమే పడుతుంది.

దీనికి ఆక్షేపణ ఒకటి సులభంగానే వస్తుంది. డబ్బిచ్చే కుటుంబమే కెమెరా వైపు చూస్తున్న ఫోటో కావాలంటే? కరిజ్మా ఆల్బమ్‌లో పేజీ నిండా రెండు ముఖాలు ఎదురుగా ఉండాలని వధువు తల్లే అడిగితే, కాదనడానికి ఫోటోగ్రాఫర్ ఎవరు? న్యాయమైన ప్రశ్నే. జవాబు వేళలో ఉంది. ఎదురుగా చూసే ఫోటోకు పెళ్లిరోజు గంటలకొద్దీ సమయముంది. పెళ్లికూతురిని చేశాక ఉంది, తలంబ్రాల తర్వాత ఉంది, భోజనాలకు ముందు ఉంది. జీలకర్ర బెల్లం చూపుకు మాత్రం ఇంకో వేళ లేదు, పంచాంగం చూసి పెట్టుకున్నది ఆ ఒక్క గడియే. మరోసారి తీయగలిగిన ఫోటో కోసం మరోసారి జరగనిదాన్ని ఆపడం కుటుంబం కోరిందంటే నేను నమ్మను. ముందుగా ఎవరూ వివరంగా చెప్పకపోవడం వల్ల అడిగి ఉంటారు.

అమ్మాయి: తాళి సంగతేంటి? లేచి నిలబడ్డ జనం, అక్షతలు, అందరి చేతుల్లో ఫోన్లు. నాకు దారే దొరకదు. అప్పుడైనా 'జరగండి' అనొచ్చా?

ఉస్తాద్: వాళ్లు లేచేది ఎప్పుడో నీకు ముందే తెలిస్తే అనే పనే పడదు. పంతులు చెయ్యి ఎత్తి సైగ చేస్తడు, 'గట్టిమేళం' అంటడు. సన్నాయి, డోలు ఒక్కసారి ఎత్తుకుంటయి. జనం లేచేది ఆ చప్పుడికే. నువ్వు మేళం వినబడ్డంక కదిలితే జనంల ఒకదానివి. పంతులు తాళి పళ్లెం అందరికి ముట్టించి తెప్పించుకుంటడు గద, ఆ పళ్లెం ఎనుకకు వచ్చిందంటే నువ్వు నీ జాగల ఉండాలె. చూసుడు కాదు బిడ్డా, వినుడు నేర్చుకో. మూడు ముళ్లల మూడోది ఆడపడుచు వేసే ఇండ్లు ఉంటయి, అది గూడ ముందే అడిగి పెట్టుకో.

అమ్మాయి: ఇది మాత్రం రాసుకుంటాను.

ఉస్తాద్: కాగితం వద్దన్నవు గద!

ఉస్తాద్ గెలిచిన ఈ చోట ఒక సంగతి కలపాలి. తంతు వరుస పుస్తకంలో దొరికేది కాదు. ఇల్లు మారితే వరుస మారుతుంది, ఊరు మారితే మారుతుంది. తెలంగాణ ఇళ్లలో మైలపోలు, ఐరేని కుండలు, ఒడిబియ్యం ఉంటాయి. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ ఇంట్లో కాశీయాత్ర, స్థాళీపాకం ముఖ్యం కావచ్చు. హైదరాబాదులో వధువుది ఒక వైపు, వరుడిది ఇంకో వైపు అయితే ఇద్దరు పంతుళ్లు మండపం మీదే వాదించుకోవడమూ ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏ జాబితానో దింపుకుంటే పనికిరాదు. ఆ ఇంటి పెద్దావిడ దగ్గర, ఆ పెళ్లి చేయించే పంతులు దగ్గర ఒక పూట కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో వరుసతో పాటు ఇంకొకటి కూడా దొరుకుతుంది. ఈ అమ్మాయి ఎవరో వాళ్లకు తెలుస్తుంది. జెనానా స్టూడియో గోడలు చేసిన పని ఈ పరిచయం చేస్తుంది.

అమ్మాయి: మరి వేదిక మీద ఆ వరుస ఫోటోలు? రెండు గంటలు వధూవరులను నిలబెట్టి, వచ్చినవాళ్లందరినీ పక్కన నిలబెట్టి తీయడం. అది నేను చేయను అంకుల్. అందులో ఫోటో ఏముంది?

ఉస్తాద్: ఫోటో లేకపోవచ్చు. మనుషులున్నరు. పెండ్లి అయిన పదేండ్లకు స్టూడియోకు వచ్చి 'ఇందుల మా నాయిన ముఖం ఒక్కటి పెద్దగ చేసియ్యుండ్రి' అని అడుగుతరు. దండ వేయడానికి. నీ కండ్లు తుడుచుకునే ఫోటోల నుంచి ఆ ముఖం రాదు. నిటారుగ నిలబడి, ఇటు చూసి, ఫోకస్‌ల ఉన్న ముఖం కావాలె. అది వరుస ఫోటోలనే దొరుకుతది. ముసలోళ్లు మళ్ల స్టూడియోకు ఎన్నడు వస్తరు?

దీనికి అమ్మాయి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. అడగడాన్ని తంతు వేళ వద్దన్నాను గాని, వరుస ఫోటో తంతు కాదు. అది స్టూడియో లాంటిదే. మనుషులు ఫోటో కోసమే మెట్లెక్కి వస్తారు, చూడమంటే చూస్తారు. అక్కడ మొహమాటపడి అడగకపోవడమే తప్పు. రెండు వైపుల నుంచి చెరొకరు, బంధువులను గుర్తుపట్టేవాళ్లు, ఫోటోగ్రాఫర్ పక్కన ఉంటే ఏ పెదనాన్నా తప్పిపోడు. పెద్దవయసు వాళ్లను ముందు తీసి పంపితే వాళ్ల మోకాళ్లకు మేలు.

ఫోటోలు ఎవరివన్న ప్రశ్న మిగిలింది. మొదటి పెళ్లి తీసేవాళ్లు తమ పనితనం నలుగురికీ చూపించుకోవాలని తహతహలాడతారు, అది సహజం. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే. ఈ సంగతి తెలియక చాలామంది తమ కెమెరాతో తీసింది తమదేననుకుంటారు. అయితే మన అమ్మాయి స్నేహితురాలి పెళ్లిని డబ్బు తీసుకోకుండా తీస్తోంది. డబ్బు చేతులు మారనప్పుడు ఆ నియమం వర్తించదు, హక్కు తీసిన ఆమెదే అవుతుంది. అంటే ఊరికే తీసిపెట్టే స్నేహితురాలికి, డబ్బు తీసుకునే స్టూడియో కంటే చట్టం ఎక్కువ ఇస్తోంది. ఆ ఎక్కువను వాడుకోవడం స్నేహమేనా అన్నది చట్టం చెప్పదు. ఏ ఫోటోలు బయట పెట్టవచ్చో, ఏవి వద్దో పెళ్లికి ముందే ఒక కాగితం మీద రాసుకోవడం మేలు. స్నేహితుల మధ్య కాగితమేమిటని కొందరు నొచ్చుకుంటారు. పెళ్లయ్యాక అత్తవారింటి నుంచి 'ఆ ఫోటో తీసేయమనండి' అని ఫోన్ వచ్చినప్పుడు కలిగే నొప్పి దానికంటే ఎక్కువ.

అమ్మాయి: చివరగా ఒకటి. అప్పగింతలు. వాళ్ల నాన్న ఏడుస్తాడు, అది ఖాయం. తీయాలా వద్దా?

ఉస్తాద్: మేం తియ్యలే.

అమ్మాయి: మర్యాద కోసమా?

ఉస్తాద్: మర్యాద అని చెప్పుకున్నం గాని, అప్పటికి రీలు అయిపోయేది బిడ్డా.

అమ్మాయి: నా కార్డు అయిపోదు అంకుల్. నేనే తేల్చుకోవాలి.

ఉస్తాద్: నువ్వెందుకు తేలుస్తవు? వాళ్ల నాయినను అడుగు. పెండ్లినాడు కాదు, ఈ వారంలనే పో. పంతులు నంబరు గూడ ఆయన దగ్గరనే దొరుకుతది.